నల్లపొట్ట గొర్రె ఎలా బతికింది? వేల్స్ కొండల్లో ఒక రంగు దాగి నిలిచిన కథ

క్లుప్తంగా: బ్రిటన్‌లోని వేల్స్ కొండల్లో కనిపించే టోర్‌దీ, టోర్‌వెన్ గొర్రెలను ‘బ్యాడ్జర్ ఫేస్’ గొర్రెలంటారు. తెల్ల ఉన్నికే గిరాకీ ఉన్న కాలంలో శతాబ్దాల పాటు వీటిని ఏరివేసినా, ఆ రంగు తెల్ల మందల లోపలే దాగి మళ్లీ మళ్లీ పైకి వచ్చింది. కారణం జన్యువుల అమరికలో ఉంది. రంగు నిలిచింది కాబట్టి జాతి కూడా భద్రంగా ఉన్నట్టేనని అనుకోవడానికి లేదు. ఆ రెండిటినీ కాపాడేవి వేర్వేరు.

ఈ గొర్రె ఫొటో మొదటిసారి చూసినవారికి ఎవరో కావాలని రంగు పూశారేమో అనిపిస్తుంది. ఒళ్లంతా తెలుపు, లేదా లేత గోధుమ. గడ్డం కింద మొదలైన నల్లరంగు మెడ కింది నుంచి రొమ్ము, పొట్ట మీదుగా తోక అడుగు దాకా తెగకుండా సాగుతుంది. మొహం మీద కళ్ల పైనుంచి ముక్కు వైపు రెండు నల్ల చారలు దిగుతాయి. యూరప్ అడవుల్లో బొరియల్లో ఉండే బ్యాడ్జర్ అనే జంతువు మొహం కూడా ఇలాగే చారలతో ఉంటుంది. పేరు అలా వచ్చింది. వెల్ష్ భాషలో దీన్ని టోర్‌దీ అంటారు, అంటే నల్లపొట్టది. దీనికి తలకిందుల రూపం టోర్‌వెన్, తెల్లపొట్టది. దాని ఒళ్లు నలుపు, పొట్ట తెలుపు, కళ్ల మీద చారలూ తెలుపే. రెండింటిలోనూ పొట్టేళ్లకు కొమ్ములుంటాయి, ఆడ గొర్రెలకు ఉండవు.

## ఒకే కొండ, నాలుగు రకాలు

వేల్స్ జనాభా సుమారు 31 లక్షలు. గొర్రెలు 90 లక్షలకు అటూఇటూ ఉంటాయి. అక్కడి గొర్రెల పేర్లు బయటివారికి కలగాపులగంగా అనిపించడానికి కారణం, చాలా రకాలు ‘వెల్ష్ మౌంటెన్’ అనే ఒకే మూలం నుంచి రావడం. చిన్న ఒళ్లు, గట్టి ప్రాణం, చలికీ వానకీ తట్టుకునే బొచ్చు, నాసిరకం గడ్డితోనే గడుపుకోగల శక్తి ఈ కుటుంబమంతటికీ ఉమ్మడి గుణాలు. కొండ మీద మేసే ఆడ గొర్రె సుమారు 40 కిలోల బరువు తూగుతుంది.

ఈ కుటుంబంలో ఎక్కువ భాగం తెల్లవే. వాటి పక్కన మూడు రంగుల రకాలు ప్రత్యేక గుర్తింపు తెచ్చుకున్నాయి. ఒళ్లంతా నల్లగా ఉండే బ్లాక్ వెల్ష్ మౌంటెన్ ఒకటి. నల్లటి లేదా గోధుమ రంగు ఒంటి మీద తెల్ల నుదుటి చార, నాలుగు తెల్ల పాదాలు, సగం తెల్ల తోక ఉండే బాల్వెన్ ఇంకొకటి. మూడోది టోర్‌దీ, టోర్‌వెన్ జంట. ఈ మూడూ నేటిదాకా ఉన్నాయి గానీ, మూడూ ఒకే దారిలో బతకలేదు. ఆ తేడాను చూస్తే టోర్‌దీ సంగతి తేలిగ్గా అర్థమవుతుంది.

## తెలుపు మీద మోజు ఎక్కడిది?

వేల్స్‌లో ఉన్ని వ్యాపారం పెద్ద ఎత్తున మొదలైంది మఠాలతో. 1131లో వెలసిన టింటర్న్, 1164 నాటి స్ట్రాటా ఫ్లోరిడా లాంటి సిస్టర్షియన్ అనే క్రైస్తవ సన్యాసుల మఠాలు కొండలు, బీళ్ల మీద పెద్ద మందలను మేపి ఉన్నిని అమ్మాయి. తర్వాతి శతాబ్దాల్లో ఇళ్లలో నేసిన ముతక బట్ట ఇంగ్లండ్ సరిహద్దులోని ష్రూస్‌బరీ వర్తకుల చేతుల మీదుగా బయటి ప్రపంచానికి వెళ్లింది. ఆ బట్టలో కొంత అమెరికా, కరీబియన్ తోటల్లో బానిసలకు తొడిగేందుకు ఓడలెక్కిందన్నది వెల్ష్ చరిత్రలో అంతగా చెప్పుకోని భాగం. 19వ శతాబ్దంలో న్యూటౌన్ ఫ్లానెల్ బట్టకు పేరుపొందింది.

ఇంతటి వ్యాపారానికి కావలసింది ఒకే తీరు సరుకు. తెల్ల ఉన్నికి ఏ రంగైనా పడుతుంది. ముదురు పోగు మీద లేత అద్దకం తేలదు, పైగా అది తెల్ల బట్టలో కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఒక మూటలో కాస్త నల్ల బొచ్చు కలిసినా కొనేవాడు మూట మొత్తానికీ ధర తగ్గిస్తాడు. అంటే రంగు గొర్రె వల్ల నష్టం ఆ ఒక్క గొర్రె ఉన్నితో ఆగదు, పక్క గొర్రెల ఉన్నికీ అంటుకుంటుంది. అందుకే రైతులు రంగు పొట్టేళ్లను మందకు వదలడం మానేశారు. రంగు పిల్లలు పుడితే మాంసానికి పంపారు. నేటికీ బ్రిటన్‌లో ఉన్నిని గ్రేడ్లుగా విడదీసేటప్పుడు రంగు ఉన్నిని వేరే పెడతారు.

ఇలా తరాల తరబడి ఏరివేస్తే ఆ రంగు మాయమైపోవాలి కదా అన్నది సహజంగా వచ్చే ప్రశ్న. మాయం కాలేదు. తెల్ల తల్లికీ తెల్ల తండ్రికీ అప్పుడప్పుడూ నల్లపొట్ట పిల్ల పుడుతూనే వచ్చింది.

## దాగే రంగు, దాగని రంగు

గొర్రె ఒంటి మీద రంగులు రెండు వర్ణకాల ఆట. యూమెలానిన్ ముదురు రంగు ఇస్తుంది, ఫియోమెలానిన్ లేత రంగు ఇస్తుంది. ఒంటి మీద ఎక్కడ ఏది తయారవ్వాలో నిర్ణయించడంలో అగౌటి అనే జన్యువుది ప్రధాన పాత్ర. ఈ జన్యువుకు చాలా రూపాలున్నాయి. ఒక రూపం ఒళ్లంతా లేత రంగే ఉండాలంటుంది. అదే తెల్ల గొర్రె. ఇంకొకటి పైభాగం లేతగా, పొట్ట ముదురుగా ఉండాలంటుంది. అది టోర్‌దీ. మూడోది దానికి సరిగ్గా వ్యతిరేకం, అది టోర్‌వెన్. అడవి గొర్రె మౌఫ్లాన్‌కు కూడా పొట్ట లేత రంగులోనే ఉంటుంది. ఆ లెక్కన టోర్‌వెన్ తీరు ప్రకృతిలో మామూలుగా కనిపించేదే, వింత టోర్‌దీదే.

ప్రతి గొర్రెకూ ఈ జన్యువు ప్రతులు రెండుంటాయి, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. రెండింటిలో ఏ ఒక్కటి ‘ఇక్కడ లేత రంగు’ అన్నా ఆ చోట లేత రంగే వస్తుంది. తెలుపు రూపం ఒళ్లంతటికీ లేత రంగు అడుగుతుంది కాబట్టి, దాని పక్కన ఏ రూపం ఉన్నా పైకి కనిపించదు. బడి పాఠాల భాషలో తెలుపు బహిర్గతం, నల్లపొట్ట అంతర్గతం. టోర్‌దీని టోర్‌వెన్‌తో దాటించకూడదని పెంపకందారులు అనుకోవడానికీ ఇదే మూలం. ఒకటి వీపు లేతగా ఉండాలంటుంది, ఇంకొకటి పొట్ట. రెండూ కలిసిన పిల్లకు చాలా మేర లేత రంగే వచ్చి, ఏ గుర్తూ సరిగా మిగలదు.

వెల్ష్ కొండ గొర్రెల్లో నల్లరంగు, బ్యాడ్జర్ మొహం తరాల మధ్య ఎలా సంక్రమిస్తాయో 1920లలోనే ఫ్రేజర్ రాబర్ట్స్ పరిశోధించారు. ఆ తర్వాత ఆయన మనుషుల వైద్య జన్యుశాస్త్రంలో పేరుపొందారు. తెల్ల గొర్రెలు ఎందుకు తెల్లగా ఉంటాయన్నదానికి అణుస్థాయి జవాబు 2008లో ఆస్ట్రేలియా పరిశోధకుల నుంచి వచ్చింది. అగౌటి జన్యువున్న భాగం తెల్ల గొర్రెల్లో ఒకసారికి బదులు ఎక్కువసార్లు ఉంటుంది. దాంతో లేత రంగు సంకేతం ఆగకుండా వెలువడుతూనే ఉంటుంది.

ఏరివేత ఎందుకు పారలేదో చిన్న లెక్కతో చూడవచ్చు. ఒక ప్రాంతంలోని గొర్రెలన్నిటిలో అగౌటి ప్రతుల్లో నూటికి 5 నల్లపొట్ట రూపంవి అనుకుందాం. రెండు ప్రతులూ అవే అయిన పిల్లలు 400కు ఒకటి మాత్రమే పుడతాయి. కానీ ఒక ప్రతిని లోపల దాచుకుని పైకి తెల్లగా కనిపించే గొర్రెలు నూటికి తొమ్మిదిన్నర దాకా ఉంటాయి. రైతు కంటికి దొరికేది ఆ 400లో ఒకటే. మిగతావన్నీ మంచి తెల్ల గొర్రెలుగా మందలోనే ఉండి పిల్లల్ని పెడతాయి. పుట్టిన ప్రతి నల్లపొట్ట పిల్లనూ తప్పకుండా తీసేసినా, 5 శాతం రెండున్నర శాతానికి దిగడానికి 20 తరాలు పడుతుంది. గొర్రెల్లో తరం మూడు నాలుగేళ్లనుకుంటే అది 60 నుంచి 80 ఏళ్లు. అక్కడి నుంచి మళ్లీ సగానికి తగ్గాలంటే మరో 40 తరాలు. రంగు ఎంత అరుదైతే అంత బాగా దాగుతుంది.

బ్లాక్ వెల్ష్ మౌంటెన్ సంగతి దీనికి పూర్తిగా భిన్నం. మామూలు తెల్ల మందలో ఎప్పుడో పుట్టే నల్ల పిల్ల రంగు అంతర్గత లక్షణం. ఈ జాతి నలుపు మాత్రం ఎంసీ1ఆర్ అనే వేరే జన్యువు నుంచి వస్తుంది. అది బహిర్గతం. ఒక్క ప్రతి ఉన్నా చాలు, ఒళ్లంతా నలుపే. ఈ జాతి పొట్టేలును తెల్ల గొర్రెలకు దాటిస్తే నల్ల పిల్లలు పుడతాయి. అంటే ఈ నలుపు దాగలేదు. తెల్లది కావాలనుకున్న రైతు ఒకే తరంలో దాన్ని పూర్తిగా ఏరేయగలడు. అయినా ఆ జాతి మిగిలిందంటే, ఎవరో కావాలని మిగుల్చుకున్నారన్నమాట. దాని పెంపకందారుల సంఘం 1920లలోనే ఏర్పడింది. టోర్‌దీకి అలాంటి సంఘం 1976 దాకా లేదు, అయినా పోలేదు. మనుషుల అండ లేకుండా శతాబ్దాలు నెగ్గుకొచ్చింది నల్లపొట్ట రంగే.

బాల్వెన్‌ది మూడో దారి, ఇరుకైన దారి. అది కార్మార్థెన్‌షైర్‌లో టావీ నది లోయకే పరిమితమైన గొర్రె. 1947 నాటి భయంకరమైన చలికాలం బ్రిటన్ కొండ మందలను తీవ్రంగా దెబ్బతీసింది. బాల్వెన్‌లో ఒక్క పొట్టేలు తప్ప మిగలలేదని ఆ జాతి చరిత్రలో చెబుతారు. ఒక్క తండ్రి నుంచి మంద మళ్లీ లేస్తే రంగు నిలుస్తుంది. మిగతా జన్యు వైవిధ్యం కుదించుకుపోతుంది. 1985లో సంఘం ఏర్పడ్డాకే అది లోయ దాటి విస్తరించింది.

## కొండ దిగితే రంగు పోతుంది

చూపు ఎంత ప్రత్యేకంగా ఉన్నా, వాణిజ్య మందలో గొర్రె విలువ మాంసంతోనే తేలుతుంది. ఉన్నితో ఇప్పుడు లాభం మాట అటుంచి, చాలా కొండ జాతులకు బొచ్చు కత్తిరించిన కూలి కూడా తిరిగి రాదు. వెల్ష్ కొండ గొర్రెల బొచ్చులో కెంప్ అనే బిరుసు పోగులు ఎక్కువ. వాటికి అద్దకం సరిగా పట్టదు. ఆ ఉన్ని ఎక్కువగా తివాచీలకు పోతుంది. చేత్తో వడికేవారికి మాత్రం అద్దకం అవసరం లేని సహజ రంగులు ఇష్టం. శతాబ్దాల పాటు లోపంగా చూసిన రంగు ఈ చిన్న మార్కెట్‌లో గుణమైంది. ఆ మార్కెట్ మందలను పోషించేంత పెద్దది కాదు.

బ్రిటన్ గొర్రెల రంగం మెట్లు మెట్లుగా ఉంటుంది. పై మెట్టు కొండ. అక్కడ గట్టి ప్రాణమున్న గొర్రెల్ని సొంత జాతి పొట్టేళ్లతోనే దాటిస్తారు. మూడు నాలుగు ఈతలయ్యాక, పళ్లూ ఒళ్లూ ఇంకా బాగున్న గొర్రెల్ని దిగువ రైతులకు అమ్మేస్తారు. దిగువన గడ్డి బలమైనది, చలి తక్కువ. అక్కడ వాటిని బోర్డర్ లీస్టర్ పొట్టేలుతో దాటిస్తే వెల్ష్ హాఫ్‌బ్రెడ్, బ్లూఫేస్డ్ లీస్టర్‌తో దాటిస్తే వెల్ష్ మ్యూల్ పుడతాయి. ఈ సంకర గొర్రెలకు కవలలు ఎక్కువ, పాలూ ఎక్కువ. వాటిని మళ్లీ టెక్సెల్, సఫోక్ లాంటి కండ పుష్టి ఉన్న పొట్టేళ్లకు కడితే వచ్చే పిల్లలే దుకాణానికి వెళ్తాయి.

టోర్‌దీ ఈ మెట్ల వరుసలో బాగానే ఇముడుతుంది. ఈనేటప్పుడు మనిషి సాయం పెద్దగా అక్కర్లేదు, పాలు బాగా ఇస్తుంది, పిల్లను వదలదు, మాంసంలో కొవ్వు తక్కువ. ఇబ్బంది ఎక్కడంటే టెక్సెల్ పొట్టేలుకు ఉన్నది బహిర్గతమైన తెలుపు. టోర్‌దీకి కడితే పుట్టే పిల్లలు దాదాపు అన్నీ తెల్లగానే ఉంటాయి. రైతుకు మంచి ధర తెచ్చే మొదటి సంకరంలోనే జాతి గుర్తు కనిపించకుండా పోతుంది. కాబట్టి రంగును చూపించే టోర్‌దీ కావాలంటే స్వజాతి దాటింపు సాగే మందలు ఉండాలి. ఆ పని నేడు ఎక్కువగా చేసేది చిన్న కమతాలవాళ్లూ, జూలైలో లాన్‌ఎల్‌వెద్‌లో జరిగే రాయల్ వెల్ష్ షో లాంటి పోటీల మీద ఆసక్తి ఉన్నవాళ్లూ.

దీనికో చిక్కుంది. పోటీలో జడ్జి చూసేది చార ఎంత తీరుగా ఉంది, నలుపు ఎంత గాఢంగా ఉంది, గడ్డం నుంచి తోక దాకా తెగకుండా ఉందా అన్నవే ఎక్కువ. ఈ గుర్తుల కోసమే పొట్టేళ్లను ఎంచుకుంటూ పోతే, వాన కొండ మీద పిల్లను దక్కించుకునే తల్లి గుణం ఎంపికలో వెనక్కి పోయే అవకాశం ఉంది. చదునైన పొలంలో, కొష్టంలో దాణా తిని పెరిగిన మందలో ఆ గుణాన్ని పరీక్షించే సందర్భమే రాదు.

## కొండ మీద జ్ఞాపకం

జన్యువులు మోయలేనిది ఇంకొకటి ఉంది. వెల్ష్ కొండల్లో చాలా చోట్ల మేత భూములకు కంచెలుండవు. అయినా ఒక రైతు మంద తన హద్దు దాటి పోదు. ఆ గొర్రెలకు తమ చోటు తెలుసు. వెల్ష్‌లో దాన్ని కనెవిన్ అంటారు. తల్లి వెంట తిరుగుతూ పిల్ల నేర్చుకుంటుంది, ఎక్కడ నీడ, ఎక్కడ నీళ్లు, మంచు ముంచుకొస్తే ఏ వాలుకు దిగాలి అన్నవి. మందను అమ్మేసినప్పుడు ఆ జ్ఞానమూ పోతుంది. అందుకే కొన్ని చోట్ల పొలం చేతులు మారినా మంద ఆ కొండకే ఉండిపోతుంది.

2001లో గాళ్ల జబ్బు (గాలికుంటు వ్యాధి) వచ్చినప్పుడు బ్రిటన్‌లో 60 లక్షలకు పైగా జీవాలను చంపేశారు. బ్రెకన్ బీకన్స్ కొండల మీది మందలూ అందులో ఉన్నాయి. డబ్బు పరిహారం వచ్చింది. కొత్త గొర్రెలకు కొండను నేర్పించే పని మాత్రం ఏళ్ల తరబడి కాపలాతో చేయాల్సి వచ్చింది. అంతకుముందు 1986లో చెర్నోబిల్ ప్రమాదం తర్వాత వానతో కురిసిన సీజియం ఉత్తర వేల్స్ బురద నేలల్లో దిగిపోయి గడ్డిలోకి, గడ్డి నుంచి గొర్రెల్లోకి చేరింది. అమ్మే ముందు రేడియో ధార్మికత కొలవాలన్న ఆంక్షలు కొన్ని వెల్ష్ పొలాల మీద 2012 దాకా కొనసాగాయి. అంత కాలం ఆ రైతులు గొర్రెలు మానేయకపోవడానికి ఒక కారణం, ఆ ఎత్తులో ఇంకేమీ పండకపోవడం.

ఇప్పటి ఒత్తిడి విధానాల వైపు నుంచి వస్తోంది. యూరోపియన్ యూనియన్ నుంచి బయటికొచ్చాక వేల్స్ ప్రభుత్వం పాత సబ్సిడీ స్థానంలో కొత్త పథకం తెచ్చింది. ప్రతి పొలంలో పదో వంతు చెట్లు ఉండాలన్న మొదటి ప్రతిపాదన మీద 2024 ఆరంభంలో కార్డిఫ్‌లో పెద్ద నిరసన జరిగింది. పోయే ఉద్యోగాలకు గుర్తుగా చట్టసభ మెట్ల మీద 5,500 జతల రబ్బరు బూట్లు పేర్చారు. ఆ నిబంధనను ఆ ఏడాది చివర్లో వెనక్కి తీసుకున్నారు. అయితే కొండ మీద గొర్రెల సంఖ్య తగ్గాలి, చెట్లూ బురద నేలలూ పెరగాలి అన్న వాదన అలాగే ఉంది. అది జరిగితే ముందు తగ్గేది మామూలు తెల్ల వెల్ష్ గొర్రెలే. ఇన్నాళ్లూ నల్లపొట్ట రంగును లోపల దాచింది ఆ పెద్ద తెల్ల మందలే అన్నది ఇక్కడ గుర్తుంచుకోవాలి.

## జోడిపి, దక్కని: మన దగ్గరి పోలిక

నల్లపొట్ట, మొహం మీద నల్ల గుర్తులు వేల్స్‌కే సొంతం కాదు. కరీబియన్‌లో బార్బడోస్ బ్లాక్‌బెల్లీ అనే జాతి ఉంది. మన నెల్లూరు గొర్రెల్లో మూడు రకాల్ని రంగును బట్టే పిలుస్తారు. తెల్లది పల్ల, గోధుమ రంగుది దొర, తెల్ల ఒంటి మీద పెదవులు, కళ్ల చుట్టూ, కింది దవడ, పొట్ట, కాళ్ల దగ్గర నల్ల గుర్తులున్నది జోడిపి. చూపుకు జోడిపి, టోర్‌దీ దగ్గర దగ్గరగా ఉన్నా వాటి బతుకులు వేరు. నెల్లూరు గొర్రెకు ఉన్ని ఉండదు, కాబట్టి ఉన్ని వ్యాపారం దాని రంగు జోలికి రాలేదు. మూడు రంగులూ పక్కపక్కనే మిగిలాయి.

ఉన్ని కోసం పెంచిన దక్కని గొర్రె కథ వేల్స్‌కు మరింత దగ్గర. తెలంగాణలో కురుమలు గొంగడి నేసేది ఈ గొర్రె నల్ల ఉన్నితోనే. అక్కడ మార్కెట్ తెలుపు కోరితే ఇక్కడ నలుపే కావాలి. అద్దకం లేకుండా నల్ల గొంగడి వస్తుంది కాబట్టి. దక్కనికి దెబ్బ తగిలింది రంగు వల్ల కాదు. గొంగడి గిరాకీ పడిపోయి, మాంసం ధర పెరిగాక, త్వరగా బరువు పెరిగే బొచ్చు లేని పొట్టేళ్లను మందలోకి వదిలారు. 2017లో మొదలైన తెలంగాణ గొర్రెల పంపిణీ పథకం కింద 20 గొర్రెలు, ఒక పొట్టేలు యూనిట్‌గా 75 శాతం సబ్సిడీతో ఇచ్చినప్పుడు, వాటిలో చాలా మటుకు పక్క రాష్ట్రాల నుంచి వచ్చిన బొచ్చు లేని మాంసపు జాతులే. ఆ కలయిక అప్పటికే సాగుతున్న మార్పును మరింత వేగం చేసింది.

రెండు చోట్లా ఒత్తిడి మార్కెట్‌దే. పర్యవసానం మాత్రం ఒకటి కాలేదు. టోర్‌దీ రంగు ఒకే జన్యువు మీద ఆధారపడింది, కాబట్టి రెండు తెల్ల గొర్రెల కలయికలో చెక్కుచెదరకుండా తిరిగి రాగలదు. ఉన్ని పోగు పొడవు, మందం, కరవులో నడిచి మేసి బతికే శక్తి లాంటివి అనేక జన్యువులు కలిసి ఇచ్చేవి. నాలుగైదు తరాలు వేరే పొట్టేళ్లతో కలిశాక అవన్నీ మళ్లీ ఒకే పిల్లలో కలవడం యాదృచ్ఛికంగా జరగదు. దక్కనిని నిలపాలంటే స్వజాతి పొట్టేళ్లున్న మందలు ఇప్పుడే కావాలి. టోర్‌దీలో కూడా చార వదిలేస్తే, కొండను తట్టుకునే గుణం విషయంలో పరిస్థితి ఇంతే.